ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా: ఏ మలుపులో ఏ దారి?

రెండేళ్ల కిందట, మిర్చి కోతలు నడుస్తున్న రోజుల్లో ఒక రైతు బడికి వచ్చాడు. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన రంగుల పాంప్లెట్. కొడుకు అప్పుడు మా దగ్గర ఆరో తరగతి. స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు: "సార్, ఇప్పట్నుంచే ఐఐటీ ఫౌండేషన్ వెయ్యకపోతే తర్వాత అందుకోలేడంట గదా?" ఫీజు, హాస్టలు, మెటీరియల్, యూనిఫాం అన్నీ కూడితే ఏడాదికి లక్షన్నర దాటింది. ఆయనకున్నది రెండెకరాలు. "పిల్లాడేమంటున్నాడు?" అన్నాను. "వాడికేం తెలుసు సార్, చిన్నపిల్లగాడు."

నేను ఖమ్మం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. 18 ఏళ్లుగా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇవే ప్రశ్నలు వింటున్నాను. గురుకులమా, నవోదయా? ఫౌండేషన్, అంటే ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్, వేయాలా, వద్దా? టెన్త్ తర్వాత ఎంపీసీనా, పాలిటెక్నిక్కా? అడిగే వాళ్లందరికీ ఒకటే భయం, పిల్లల భవిష్యత్తు ఇప్పుడే తేలిపోవాలని. పదేళ్ల పిల్లాడు ఏమవుతాడో వాళ్లమ్మకీ తెలియదు, నాకూ తెలియదు. అందుకే ఏ దారినైనా నేను ఒక్క లెక్కతోనే చూస్తాను: ఇది మనవాడికి పడకపోతే, వెనక్కి రావడానికి ఎంత పోతుంది? డబ్బు ఎంత, ఏళ్లు ఎన్ని, పిల్లాడి మనసు ఎంత. తక్కువ పోయే దారికే నా ఓటు. ఈ వ్యాసమంతా ఆ లెక్కే.

ఐదో తరగతి దాకా

ఇక్కడ పోటీ అబాకస్, వేదిక్ మ్యాథ్స్, హ్యాండ్‌రైటింగ్, చిన్నపిల్లల కోడింగ్ క్లాసుల మధ్య. నా మాట అడిగితే, వీటిలో ఏది వేసినా పెద్ద నష్టం లేదు, ఏది వేయకపోయినా అసలు నష్టం లేదు. నష్టమల్లా చదవడం రాకుండా ఐదు దాటిపోవడంలోనే ఉంది. తెలుగులో ఒక పేజీ తడబడకుండా చదివి, ఏం చదివాడో తన మాటల్లో చెప్పగలిగితే, ఎక్కాలు, భాగహారం, భిన్నాలు వస్తే, ఆ పిల్లాడికి ఏ దారీ మూసుకుపోలేదు.

ప్రైమరీ స్కూలు నుంచి మా దగ్గరికి ఆరో తరగతికి వచ్చిన పిల్లలకి మొదటి వారంలో నేను పెట్టే పరీక్ష ఒకటుంది. ఇంట్లో పాత తక్‌పట్టీ ఉంటే తెమ్మంటాను. మార్కెట్‌లో మిర్చి అమ్మాక అడ్తిదారు ఇచ్చే చీటీ అది. పన్నెండు బస్తాలు, కాటా బరువు 4 క్వింటాళ్ల 80 కిలోలు, ధర క్వింటాల్‌కి 14,000. మొత్తం ఎంత రావాలి? 67,200. అందులో కమీషన్ ఎంత, హమాలీ ఎంత, దడ్వాయి, అంటే తూకం వేసినవాళ్ల కూలి, ఎంత, చేతికి వచ్చింది ఎంత? పుస్తకంలో శాతాల లెక్కలు గబగబా చేసే పిల్లల్లో సగం మంది ఈ చీటీ ముందు నోరు తెరుస్తారు. ఒకసారి వెనక బెంచీ పిల్ల లేచి, "సార్, తూకం అయిపోయినాక మళ్లీ తరుగు ఎందుకు తీసిండ్రు?" అని అడిగింది. కెరీర్ గైడెన్స్ అని పెద్ద పేరు పెట్టుకున్నది అక్కడ మొదలవుతుందని నా నమ్మకం. ఇంట్లో డబ్బు ఎట్లా వస్తుంది, ఎవరెవరి చేతుల మీదుగా వస్తుంది, అందులో ఎవరి పని ఏంటి అన్నది పిల్లలకి కనపడాలి. బ్యాంకుకి, కరెంటాఫీసుకి, మీసేవకి వెళ్లేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. దీనికి ఫీజు లేదు.

గురుకులం, నవోదయ, ఊరి బడి, బస్సొచ్చే ప్రైవేటు బడి

అసలు మొదటి మలుపు ఇది. చాలామంది తల్లిదండ్రులకి ఆలస్యంగా తెలిసే విషయం ఏంటంటే, గురుకులాల్లో చేరేది ఐదో తరగతిలో కాబట్టి దాని ప్రవేశ పరీక్ష పిల్లలు నాలుగులో ఉండగానే రాయాలి. నవోదయలో చేరేది ఆరులో, పరీక్ష ఐదులో. రెండు రాష్ట్రాల్లోనూ మోడల్ స్కూళ్లలో చేరేది ఆరులోనే.

నవోదయ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ తెలియక పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. రెండు గంటల పరీక్ష, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు మెంటల్ ఎబిలిటీకి, మిగతా సగం లెక్కలకీ భాషకీ చెరిసగం. తెలుగులో రాయొచ్చు. ఆరో తరగతి ప్రవేశానికి జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. అయితే ఆ కోటాకి మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పల్లె బడుల్లోనే పూర్తిగా చదివి ఉండాలి. 'మంచి బడి' అని మూడో తరగతిలో టౌన్‌కి మార్చి, ఐదులో నవోదయ ఫారం నింపేవాళ్లని ఏటా చూస్తాను. చేతిలో ఉన్న కోటా వదులుకుని ఎక్కువ పోటీ ఉన్న వరుసలో నిలబడ్డట్టు.

సీటు వస్తే తిండి, బస, చదువు ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి కొన్ని వర్గాల పిల్లల దగ్గర మాత్రం నెలకి 600 విద్యాలయ వికాస్ నిధి తీసుకుంటారు. ఆడపిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. తొమ్మిదిలో కొందరు పిల్లల్ని ఏడాది పాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకి పంపుతారు. తల్లులు దీనికే ఎక్కువ భయపడతారు. నాకైతే నవోదయలో ఇదే ఇష్టమైన సంగతి. ఆ ఏడాది తర్వాత రైలెక్కి ఒంటరిగా వెళ్లడానికి ఆ పిల్లలు జంకరు.

గురుకులాలు రాష్ట్ర ప్రభుత్వాలవి. ఉమ్మడి రాష్ట్రంలో 1971లో, పీవీ నరసింహారావు హయాంలో, అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటిది పెట్టారు. ఇప్పుడు సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, జనరల్ అని రకరకాలు. ఒక గురుకులానికి, ఇంకో గురుకులానికి చాలా తేడా ఉంటుంది. అందుకే గురుకులం మంచిదా అని అడిగితే నేను సమాధానం చెప్పను, ఏ గురుకులం అని తిరిగి అడుగుతాను. సీటు వచ్చిన చోటికి ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా వెళ్లండి. బాత్‌రూమ్‌లు చూడండి, తాగే నీళ్లు చూడండి, పిల్లల పళ్లెంలో ఏముందో చూడండి. లైబ్రరీకి తాళం ఉంటే ఆ తాళానికి తుప్పు పట్టిందేమో చూడండి.

ఇక పిల్లాడి సంగతి. హాస్టల్ అందరికీ పడదు. మేనమామ ఇంట్లో వారం రోజులు వదిలిపెట్టి చూస్తే తెలిసిపోతుంది. రెండో రోజుకే జ్వరం తెచ్చుకునే పిల్లాడిని తొమ్మిదేళ్లకి హాస్టల్లో వేయడం ఏ సీటు కోసమైనా తొందరే అవుతుంది. నవోదయలో తొమ్మిదో తరగతికి ఖాళీలను బట్టి మళ్లీ పరీక్ష ఉంటుంది. నాలుగేళ్లు ఆగొచ్చు.

ఊరి బడికి ఒక లాభం ఉంది. అది ప్రభుత్వ టీచర్‌గా నేను చెప్తే నమ్మరని తెలుసు, అయినా చెప్తాను. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకి, తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000. నాలుగేళ్లకి 48,000. హాస్టల్ ఉండే నవోదయ, గురుకులం పిల్లలకి ఇది వర్తించదు. అట్లాగే టెన్త్ తర్వాత ఆర్‌జీయూకేటీ, అంటే మనం ట్రిపుల్ ఐటీ అనుకునే బాసర, నూజివీడు, ఇడుపులపాయ లాంటి చోట్ల, హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి మార్కులకి అదనంగా కొంత కలుపుతారు. చివరి సీట్ల దగ్గర ఆ కొంతే పిల్లాడిని లోపలికి తెస్తుంది.

ఊళ్లోకి పసుపు బస్సు వచ్చే ప్రైవేటు బడి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అక్కడ మంచి టీచర్లున్నవీ ఉన్నాయి, బోర్డు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. ఒక్క పని చేయండి. పిల్లాడి నోట్సు తెరిచి తప్పులు దిద్దారో, అన్నింటికీ ఒకటే ఎర్ర టిక్కు కొట్టారో చూడండి.

ఆరు నుంచి ఎనిమిది: ఫౌండేషన్ సంగతి

మిర్చి రైతుకి నేను మొదట చెప్పింది మా ఇంటి కథే. మా పెద్దవాడిని ఏడో తరగతిలో నగరంలో ఒక రెసిడెన్షియల్ ఫౌండేషన్‌లో వేశాను. లెక్కల మాస్టారి కొడుకు, ఐఐటీకి పోకపోతే ఎట్లా అనుకున్నాను. దసరా సెలవులకి ఇంటికొచ్చి, తిరిగి వెళ్లే రోజు పొద్దున వాడు బ్యాగ్ సర్దలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అడిగితే, "నాన్నా, అందరూ చేస్తున్నారు, నాకొక్కడికే రావట్లేదు" అన్నాడు. నోట్సు తీసి చూస్తే ఏడో తరగతి పిల్లాడికి త్రికోణమితి. భిన్నాల కూడిక మాత్రం తప్పు చేశాడు. కట్టిన ఫీజు వెనక్కి రాలేదు. టీసీ కోసం మూడు నెలలు తిరిగాను. ఆ మూడు నెలల తర్వాతే నాకు తెలిసింది, ఎనిమిదో తరగతి దాకా టీసీ లేదన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు పిల్లాడిని చేర్చుకోకుండా ఆపకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉందని. టీచరై ఉండి తెలియదా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈలో అడిగేది ఇంటర్ సిలబస్. దాన్ని ఆరో తరగతికి తోసుకురావడం వల్ల కొందరికి మేలు జరుగుతుంది, కాదనను. తరగతిలో చెప్పింది నిమిషంలో అయిపోయి, పక్కవాడిని గిల్లుతూ కూర్చునే పిల్లలు ఏటా ఒకరో ఇద్దరో వస్తారు. వాళ్లకి ఇంకాస్త గట్టి లెక్కలు కావాలి. అలాంటి పిల్లలకైనా ఫౌండేషన్ కంటే నిజమైన లెక్కల ఒలింపియాడ్ దారి మంచిదంటాను. ఎనిమిదో తరగతి నుంచి రాయగలిగే ఐఓక్యూఎం, దాని తర్వాత ఆర్ఎంఓ, ఐఎన్ఎంఓ. బడికే వచ్చి, ఫీజు కట్టించుకుని, అందరికీ పతకం ఇచ్చే 'ఒలింపియాడ్'లు వేరు. ఇంకో మాట. ఎన్‌టీఎస్‌ఈ స్కాలర్‌షిప్ పరీక్ష 2021 తర్వాత ఆగిపోయింది. దాని పేరు ఇంకా పాంప్లెట్‌లో కనపడితే మిగతా మాటల్ని కూడా అదే లెక్కన చదువుకోండి.

మిగతా పిల్లలకి ఈ మూడేళ్లు చేతులతో పని చేసే వయసు. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి వాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని రాశారు. చాలా బడుల్లో అది కాగితం మీదే ఉంది. ఇన్‌స్పైర్ మానక్ అని ఇంకొకటి ఉంది. పిల్లల ఆలోచన ఎంపికైతే నమూనా చేయడానికి 10,000 ఇస్తారు. మా బడి నుంచి ఒకసారి ఎంపికైంది మిరపకాయల తొడిమలు తీసే యంత్రం. సరిగ్గా పని చేయలేదు. తొడిమతో పాటు కాయ కూడా నలిగిపోయేది. కానీ ఆ పిల్లవాడు ఆ నెలలో మోటారు, గేరు, బెల్టు గురించి నేర్చుకున్నంత తర్వాత రెండేళ్ల ఫిజిక్స్‌లో నేర్చుకోలేదు.

మధ్యలో ఒక మాట: ఏ రాష్ట్రంలో చదివించాలి

మా జిల్లా నుంచి విజయవాడ రెండు గంటలు. అందుకే చాలామంది పిల్లల్ని అక్కడే హాస్టళ్లలో వేస్తారు. వేసేముందు లోకల్ సంగతి ఆలోచించండి. తెలంగాణలో ఉద్యోగాలకి స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య చదివిన చోటుని బట్టి తేలుతుంది, ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు. ఎంబీబీఎస్ సీట్లకి మరో లెక్క. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఇక్కడే చదివి ఉండాలన్న తెలంగాణ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కూతురు డాక్టర్ కావాలని ఇంటర్‌కి సరిహద్దు దాటించి, ఆ కారణంగానే లోకల్ కాకుండా పోయిన తల్లిదండ్రుల బాధ నేను దగ్గరగా చూశాను. నిబంధనలు మారుతుంటాయి, చేర్చే ఏడాది నోటిఫికేషన్ చదువుకోండి.

తొమ్మిది, పది గురించి క్లుప్తంగా: మార్కులు తెచ్చుకోవాలి, అంతే. కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లలో ఈ రెండేళ్లూ ఐటీ, రిటైల్, వ్యవసాయం, ఆటోమొబైల్ లాంటి ఒకేషనల్ సబ్జెక్టులు ఉన్నాయి. ఉంటే చేరండి. చెప్పేవాళ్లు బాగుంటే లాభం, బాగులేకపోతే పోయేదేమీ లేదు.

టెన్త్ తర్వాత: అసలు లెక్క

రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం నుంచి ఫోన్లు మొదలవుతాయి. ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ముందురోజే పిల్లల నంబర్లు సంపాదించి ఉంటారు. ఆడపిల్ల అయితే ఇంట్లో కోర్సు కంటే ముందు బస్సు టైం అడుగుతారు. ఈ గోలలో ఒక కాగితం తీసుకుని ఏళ్లు లెక్క వేయండి.

ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. మొత్తం ఆరు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడేళ్లు. మొత్తం ఆరు. ఆర్‌జీయూకేటీలో పీయూసీ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. అదీ ఆరే. ఐటీఐలో ఫిట్టరో ఎలక్ట్రీషియనో రెండేళ్లు చేసి, ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరి, తర్వాత ఈసెట్ రాస్తే ఏడు. ఐటీఐకి పోయినవాడు ఇంజినీర్ కాలేడని అనుకుంటారు. కావొచ్చు, ఒక్క ఏడాది ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు నా పాత ప్రశ్న అడగండి. మధ్యలో ఆగిపోవాల్సి వస్తే చేతిలో ఏముంటుంది? ఇంటర్ ఎంపీసీ చేసి ఆగిపోతే చేతిలో ఇంటర్ సర్టిఫికెట్ ఒకటే. మూడేళ్ల డిప్లొమాతో ఆగితే సబ్ ఇంజినీరు పోస్టులకి, కంపెనీల్లో సూపర్‌వైజర్ పనులకి వెళ్లొచ్చు. ఐటీఐతో ఆగితే ఆర్టీసీ డిపోల్లో, సింగరేణిలో, రైల్వేలో అప్రెంటిస్‌లు తీసుకుంటారు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి టెన్త్‌తో పాటు ఐటీఐ సరిపోతుంది. ఆర్‌జీయూకేటీ నుంచి పీయూసీ తర్వాత బయటికి వచ్చినా అది ఇంటర్‌తో సమానం.

ఇంట్లో డబ్బుకి టెన్షన్ ఉండి, పిల్లాడికి లెక్కలు ఓ మోస్తరుగా వస్తే, నేను ప్రభుత్వ పాలిటెక్నిక్ వైపే మొగ్గుతాను. దాని ప్రవేశ పరీక్ష పాలీసెట్ టెన్త్ సిలబస్ మీదే ఉంటుంది, 120 మార్కుల పేపరు. తెలంగాణలో అందులో సగం, 60 మార్కులు, లెక్కలకే. రాసేవాళ్లకి ఇంటర్ కంటే ఇది తేలికనిపిస్తుంది, అదే పొరపాటు. ఇంటర్ వాళ్లు రెండేళ్లు తీరిగ్గా చదివే కాలిక్యులస్ డిప్లొమా వాళ్లకి త్వరగా మీద పడుతుంది, అంతా ఇంగ్లిష్‌లో. తెలుగు మీడియం పిల్లలు మొదటి ఏడాదిలోనే బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుని నీరసపడతారు. జూన్‌లో చేరేలోపు రెండు నెలలు కూర్చుని త్రికోణమితి గట్టిగా చేయించండి, సగం భయం పోతుంది.

వ్యవసాయం మీద మనసున్న పల్లె పిల్లలకి అగ్రికల్చర్ పాలిటెక్నిక్ ఉంది, రెండేళ్లు. అగ్రిసెట్ ద్వారా బీఎస్సీ అగ్రికల్చర్‌కి వెళ్లొచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో టెన్త్ తర్వాత టూల్ అండ్ డై, అంటే ఫ్యాక్టరీలకి కావాల్సిన పనిముట్లు, అచ్చులు చేసే పని, డిప్లొమా నాలుగేళ్లు. చేత్తో సూక్ష్మమైన పని చేసే ఓపిక ఉన్న పిల్లలకి దీన్ని మించింది తక్కువ. మా చుట్టుపక్కల దాని పేరు తెలిసినవాళ్లే లేరు. నెల్లూరు వైపు వాళ్లకి వెంకటగిరిలో చేనేత డిప్లొమా ఉంది, మూడేళ్లు.

ఐటీఐ గురించి మాట్లాడితే తండ్రుల మొహం మారిపోతుంది. నాకు ఒక పాత విద్యార్థి గుర్తొస్తాడు. లెక్కల్లో పాసు మార్కులకి కిందామీదా పడేవాడు. బడి బోరు మోటారు ఆగిపోతే స్టార్టర్ డబ్బా విప్పి, కాంటాక్టులు గరుకు కాగితంతో రుద్ది నడిపించేవాడు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాడు, అప్రెంటిస్ చేశాడు, మండల కేంద్రంలో మోటార్ వైండింగ్ షాపు పెట్టాడు. ఎండాకాలంలో బోరు మోటార్లు కాలిపోతుంటే వాడి షాపు ముందు ట్రాక్టర్లు వరుసగా నిలబడతాయి. అందరి కథా ఇట్లా ఉండదు. ఏ ఐటీఐలో చేరామన్నదే ముఖ్యం. కొన్ని ప్రైవేటు ఐటీఐల్లో హాజరు ఉండదు, పని ఉండదు, సర్టిఫికెట్ ఒకటే ఉంటుంది. చేరేముందు వర్క్‌షాప్‌లోకి వెళ్లండి. లేత్ మెషీన్ కింద నేల చూడండి. ఇనుప తురుము, నూనె మరకలు ఉంటే అక్కడ పని నడుస్తోందని అర్థం. నేల అద్దంలా మెరిసిపోతుంటే వెనక్కి వచ్చేయండి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. మీ దగ్గరలో అలాంటిది ఉంటే ముందు అది చూడండి.

ఎంపీసీ, బైపీసీ మధ్య తేల్చుకోలేని పిల్లలు ఏటా ఉంటారు. ఇష్టం సరిసమానంగా ఉంటే ఎంపీసీ తీసుకోమంటాను. ఎంపీసీ చదివిన పిల్ల తర్వాత మనసు మార్చుకుంటే బయాలజీని అదనపు సబ్జెక్టుగా పూర్తి చేసి నీట్ రాయడానికి 2023 నుంచి వీలుంది. బైపీసీ నుంచి ఇంజినీరింగ్‌కి రావడం కష్టం. అయితే బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే అనుకుని చేరి, సీటు రాక రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చునే పిల్లల్ని చూస్తే జాలేస్తుంది. వెటర్నరీ, అగ్రికల్చర్, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ కూడా బైపీసీ తర్వాతివే. చేరేముందే ఈ పేర్లు పిల్లల ముందు పెట్టండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి. తెలంగాణలో ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లకి రాసే ఎప్‌సెట్‌లో ఇప్పుడు ఇంటర్ మార్కులకి వెయిటేజీ లేదు. దాంతో 'ఇంటర్ మార్కులెందుకు, కోచింగ్ చాలు' అనే మాట పెరిగింది. ఎన్ఐటీలో సీటుకి మాత్రం ఇంటర్‌లో 75 శాతం గానీ, బోర్డులో టాప్ 20 పర్సెంటైల్ గానీ కావాలి, ఎస్సీ ఎస్టీలకి 65 శాతం. మంచి ర్యాంకు వచ్చీ సీటు పోగొట్టుకోవడానికి ఇదొక దారి.

కామర్స్ గ్రూపులైన సీఈసీ, ఎంఈసీ అంటే మన దగ్గర ఇంకా 'ఏమీ రానివాళ్ల గ్రూపు' అనే చూపు ఉంది. నాకు అది నచ్చదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు సంపాదించేవాళ్లు లేకపోయినా సీఏ దాకా వెళ్లే వీలున్న దారి ఇది, ఎందుకంటే మధ్యలో సీఏ దగ్గర పని నేర్చుకునే రెండేళ్ల ఆర్టికల్‌షిప్‌లో కొంతైనా స్టైపెండ్ వస్తుంది. టెన్త్ తర్వాతే సీఏ ఫౌండేషన్‌కి పేరు నమోదు చేసుకోవచ్చు, పరీక్ష ఇంటర్ తర్వాత. లాసెట్ రాసి ఐదేళ్ల లా చదవొచ్చు. ఏ గ్రూపు వాళ్లైనా ఇంటర్ తర్వాత డీసెట్ రాసి రెండేళ్లలో ప్రైమరీ టీచర్ ట్రైనింగ్ పూర్తి చేయొచ్చు.

ఒకేషనల్ ఇంటర్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) మా మండలంలో బాగా నడుస్తోంది, ల్యాబులు పెరిగాయి కాబట్టి. బ్రిడ్జి కోర్సు పేపర్లు, అంటే సైన్సు సబ్జెక్టుల అదనపు పేపర్లు, కూడా రాయించండి. అవి లేకపోతే తర్వాత ఎప్‌సెట్ వైపు రాలేరు. ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు లేక ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఇరుక్కుపోయారు మా ఊళ్లో.

ఎవరింట్లో ఏది

రెసిడెన్షియల్‌లో ఉండగలిగి, టెన్త్‌లో మార్కులు బాగా వచ్చి, ఇంజినీరింగే కావాలనుకునే ప్రభుత్వ బడి పిల్లలు ముందు ఆర్‌జీయూకేటీకి దరఖాస్తు పెట్టాలి, పాలీసెట్ కూడా రాసి పెట్టుకోవాలి. ఒకటి రాకపోతే ఇంకొకటి. ఇంటికి త్వరగా నాలుగు రూపాయలు రావాలంటే ఐటీఐ, ఆ తర్వాత అప్రెంటిస్. ఏమవ్వాలో ఇంకా తెలియని పిల్లలకి దగ్గరలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీ, పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చేటట్టు. ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్ల జిరాక్సులు నాలుగు సెట్లు తీసి పెట్టుకోండి, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి.

మిర్చి రైతు ఆ ఏడాది ఫౌండేషన్‌లో వేయలేదు. నా మాట విని కాదు, ధర పడిపోయి. పిల్లాడు ఇప్పుడు ఎనిమిది, ఎన్ఎంఎంఎస్‌కి తయారవుతున్నాడు. మొన్న సీజన్‌లో తక్‌పట్టీ వాడే చదివాడంట. తరుగు కింద రెండు కిలోలు ఎక్కువ తీశారని అడ్తిదారుతో వాదన పెట్టుకున్నాడని తండ్రి నవ్వుతూ చెప్పాడు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "సార్, తొమ్మిదిలో అయినా వేద్దామా ఫౌండేషన్?" అని అడిగాడు.